గమ్మునుండే గళ్లు

ఆదోనిలో మూతబడిన జిన్నింగు మిల్లు గోదాములో
పదిహేడు కుర్చీలు వేసినాము.
రెండు పెండ్లి బ్యాండ్ల మనుషులు,
చర్చి నుంచి ఇద్దరు వయొలిన్ ఆడవాళ్లు,
కర్నూలు నుంచి బస్సులో వచ్చిన ఒక చెల్లో.
దానికీ అర టిక్కెట్టు కొట్టినాడంట కండక్టరు.

నా చేతిలో నలభై పేజీల స్కోరు.
తెల్లకాగితం కనపడనీకుండా నింపినా.
కంప్యూటరులో వింటే ఉరుము మాదిరి ఉండె.
కంప్యూటరుకు రొమ్ము లేదని, పెదవులు నొప్పి పుట్టవని
అప్పటికింకా నాకు తోచలేదు.

వాయించినారు.
ఉరుము కాదు, సంతనాటి బస్టాండు.
అందరూ ఊర్ల పేర్లు అరిచేటోళ్లే,
ఎవరి బస్సు ఎవరికీ దొరకదు.

క్లారినెట్టు సుంకన్న నడిమధ్యలో ఆపి
"మేడమ్, ఊపిరి యాడ తీసుకోవాల?" అన్నాడు.
చూస్తే ఇరవై రెండు గళ్లు.
మనిషిని బాయిలోకి దింపి
తాడు సంగతే మరిచినట్టుంది నేను.

గట్టిగా వినపడాలంటే ఇంకొకరిని చేర్చడమే కదా అనుకునేదాన్ని.
బ్యాండు మాస్టరు హుసేని ఏమీ అనలేదు,
నాలుగు గళ్లు అందరినీ నోరు మూయించి
రెండు ట్రంపెట్లను, ఒక సైడు డ్రమ్మును లేపినాడు.
పదిహేడు మందికి కదలని దూలం మీది పావురాలు
ముగ్గురికి లేచిపోయినాయి.

వయొలిన్లకు ఒకే వరస రాసింటి, బలం రెండింతలవుతుందని.
వాళ్లిద్దరి నడుమ వెంట్రుకంత తేడా.
పాట పోయి ఆ వెంట్రుకే వినపడె.
సలోమమ్మ విల్లు దించి నవ్వింది:
"ఒక్కదాన్నన్నా ఉండనీ, పదిమందినన్నా పిలువు.
ఇద్దరమంటే తోడికోడళ్లమే."

మద్దిలేటిది యూఫోనియం.
ముహూర్తాలు లేని నెలల్లో బేతంచెర్లలో రాతిపని.
మంద్రంలో నేను కుక్కిన మూడు స్వరాలు విని
బురద ఉమ్మినట్టు మొగం పెట్టినాడు.
"కట్టకు అడుగున సందు ఇడువకుంటే నీళ్లెట్ల పోతాయమ్మా?
పైన సన్నరాళ్లు, ఎంత దగ్గరగానన్నా పేర్చుకో."

ఆ రాత్రి లాడ్జి గదిలో రబ్బరు అరిగిపోయింది.
పాట కట్టినాక వాయిద్యాలు పంచుతారు,
గోడ లేపినాక సున్నం కొట్టినట్టు, అనుకుంటి ఇన్నాళ్లు.
కాదు.
అదే వరస ట్రంపెట్టు చేతికిస్తే పెండ్లికొడుకు కారు దిగుతాడు.
క్లారినెట్టు కింది స్థాయికిస్తే
ఆ పెండ్లికొడుకే, పందిరి ఖాళీ అయినాక,
ఒక్కడే చెప్పులు వెతుక్కుంటాడు.
నాకు కావలసింది రెండోవాడని
తెల్లవారుజామున తెలిసింది.

పొద్దున మద్దిలేటికి ముప్పై ఒక్క గళ్ల ఖాళీ ఇచ్చినా.
పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టినానని సిగ్గుపడుతూనే.
అతను బొటనవేలు కణుపుల మీద నడిపిస్తా
పెదవులు తడుపుకుంటా
ఒక్కొక్క గడీ లెక్కబెడుతుండె.
మా ఊళ్లో అరిచే పిల్లోళ్లకు చెప్పే మాట, గమ్మునుండు అని.
గమ్మునుండడానికి ఇంత పని ఉంటుందని
ఆ కణుపులను చూసేదాకా ఎరగను.
ముప్పై రెండో గడిలో ఒక్కటే స్వరం ఊదినాడు.
గోదాము నేల కింద ఎవరో దీపం పెట్టినట్టాయె.

అన్నీ దిద్దుకున్నానని చెప్పను.
ఆఖరి పేజీలో ట్రంపెట్ల కింద
ఫ్లూటుకు ఒక కింది వరస ఉంది, ఎవరికీ వినపడదు.
స్థాయన్నా ఎత్తాల, లేదంటే కొట్టేయాల.
హుసేని రెండుసార్లు గుర్తుచేసినాడు,
రెండుసార్లూ పెన్సిలు తీసి మళ్లీ చెవిలో పెట్టుకున్నా.

ఫ్లూటు పిల్లోడు ఖాజా, పదిహేనేండ్లుంటాయి.
కొట్టేయనా అని అడిగితే
తల అడ్డంగా తిప్పి
"నాకు ఇనపడతాది మేడమ్" అన్నాడు.